టింబర్‌మన్ చెవి

బొగ్గు బాయిలో కన్నుకు దొరికేది తక్కువ. నెత్తి మీది టోపీ లైటు ఎటు తిరిగితే అటు గుండ్రటి వెలుగు, దాని అంచు దాటితే చీకటి. అందుకే లోపల పనిచేసిన పాతతరం వాళ్లకు చెవే పెద్ద దిక్కు. కప్పు గట్టిగా ఉందా, ఊడిపడేలా ఉందా అన్నది వాళ్లు విని తేల్చుకునేవాళ్లు. ఒక చేత్తో కర్రో సబ్బలో పట్టుకుని పై బండను కొడతారు, రెండో అరచెయ్యి బండకు ఆనిస్తారు. ఖణ్‌మంటే గట్టి బండ. బొద్‌మని, అరచేతికి సన్నగా అదురు తగిలితే లోపల పొర విడిపోయినట్టే. ఆ తేడా పట్టలేని చెవి తనతోపాటు పక్కవాడి ప్రాణం కూడా తీస్తుంది.

పిట్టల గురించి రాయడానికి కూర్చుని బాయి కప్పు దగ్గర మొదలుపెట్టానంటే కారణం మా కాకా. గోదావరిఖని బాయిల్లో ఉద్యోగమంతా టింబర్‌మన్‌గా చేశాడు. కప్పుకు దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. అంటే కప్పు మాట వినడమే అసలు పని. రిటైరై చాలా ఏళ్లయింది. కార్తీకం దగ్గర పడుతోందంటే చాలు, నేను కరీంనగర్ నుంచి బైనాక్యులర్ తీసుకుని వెళతాను, ఆయన ఒట్టి చేతులతో వస్తాడు. శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం పొద్దెక్కేదాకా తిరుగుతాం. సింగరేణిలో ఆదివారాన్ని ప్లేడే అంటారు. ఆ రోజు బాయిలోకి దిగితే డబుల్ జీతం, కాబట్టి మా చిన్నతనంలో మా కాలనీలో ప్లేడే నాడు ఇంటిపట్టున ఉన్న మగవాళ్లు తక్కువ. పిల్లల ఫీజులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, ఊళ్లో కట్టాల్సిన ఇల్లు... ఆదివారాలన్నీ వాటికే పోయేవి. ఆ ఆదివారాలను కాకా ఇప్పుడు పిట్టలకు ఖర్చు పెడుతున్నాడు.

ఈ కాలం మా ప్రాంతానికి మంచి కాలం. సద్దుల బతుకమ్మ వెళ్లిపోయి ఉంటుంది, గునుగు ఎండి గట్ల మీద వాలిపోయి ఉంటుంది. దసరా నాడు జమ్మి దగ్గర పాలపిట్ట కోసం మెడలు సాచిన జనం ఆ సంగతి మళ్లీ ఏడాదికి గానీ తలవరు. పాలపిట్ట మాత్రం కరెంటు తీగ మీదే ఉంటుంది, రోజూ. 2014లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. వరి కోతకొచ్చి పొలాలు పచ్చ వదిలి బంగారు రంగులోకి తిరుగుతాయి, పత్తి మొదటి ఏరుడు నడుస్తుంటుంది. వానాకాలం నీళ్లు గుంతల్లో ఇంకా నిండుగానే ఉంటాయి. హిమాలయాల అవతలి నుంచి వచ్చేవి వచ్చి దిగుతుంటాయి.

సలీం అలీ 1931లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసినప్పుడు గోదావరిఖని అన్న పట్టణమే లేదు. రామగుండం మీదుగా రైలు మార్గం ఉండేది. చుట్టూ అడవి, పల్లెలు, గోదావరి. ఆ రోజుల్లో ఆయన సర్వేలకు భార్య తెహ్‌మీనా కూడా వెంట వెళ్లేది. తోడు లేకుండా పిట్టల కోసం తిరిగేవాళ్లూ ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవమే. కానీ పిట్ట చప్పుడు ఇద్దరు కలిసి వింటేనే నిలుస్తుందని నా నమ్మకం. ఒక్కడు వింటే అది సందేహంగానే మిగిలిపోతుంది. ‘ఇనవడ్డదా?’ అని ఒకరు, ‘ఆ, ఇనవడ్డది’ అని ఇంకొకరు అన్నప్పుడే అది జరిగినట్టు.

శనివారం మధ్యాహ్నం మేం మొదట ఆగేది ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టల అంచున. బొగ్గు మీదున్న మట్టినీ రాయినీ తవ్వి పోసిన గుట్టలవి. కంపెనీ వాళ్లు ఓబీ అంటారు. మా చిన్నప్పుడు ఇక్కడ ఇన్ని గుట్టలు లేవు. సింగరేణిలో బొగ్గంతా దాదాపు భూగర్భ గనుల నుంచే వచ్చిన కాలం పోయి, ఇప్పుడు చాలా భాగం ఓపెన్‌కాస్ట్‌ల నుంచే వస్తోంది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇవాళ 40 వేల చిల్లరకు వచ్చారు. గుట్టలు పెరిగాయి, మనుషులు తగ్గారు. పాత గుట్టల మీద సుబాబుల్, సర్కారు తుమ్మ, గడ్డి. వాలుల్లో వాన కోసిన మట్టిగోడల మీద వరుసగా బొక్కలు కనిపిస్తాయి. పసిరిక పిట్టలు ఎండాకాలం గుడ్లు పెట్టడానికి తవ్వుకున్నవి. తవ్విన పిట్ట వేలెడంత, బొక్క మూరెడు లోతు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఓపెన్‌కాస్ట్ గుంతలో నీళ్లు నిలిచి బాతులు దిగితే, మట్టిగుట్ట మీద పూరేళ్లు పారాడితే, భూమి బాగుపడిందని రాసే నివేదికలుంటాయి. నాకవి నచ్చవు. ఆ గుంత కింద ఊళ్లున్నాయి, బావులున్నాయి, చెరువు కట్టలున్నాయి, గ్రామదేవతల గద్దెలున్నాయి. పిట్ట వచ్చింది తనకు కావలసిన నీళ్లూ పురుగులూ ఉన్నందుకే. జరిగినదానికి అది సాక్ష్యం చెప్పదు, క్షమాపణ కూడా ఇవ్వదు. అలాగని అక్కడి పిట్టను తక్కువ చేసి, అడవిలో ఉన్నదే అసలైన పిట్ట అనుకోవడం కూడా తప్పే. వేల మైళ్లు ఎగిరి వచ్చిన ప్రాణి ఈ గుంతను ఎంచుకుందంటే దాన్ని గౌరవంగా చూడాలి. ఈ రెండూ ఒకేసారి మనసులో పెట్టుకుని తిరగడం కష్టమే, కానీ బొగ్గు నేల మీద పుట్టినవాళ్లకు వేరే దారి లేదు.

మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగుతుంది. కాకా వెంటనే కూర్చుంటాడు. నేల అదురుతుంది, తర్వాత చప్పుడు వస్తుంది, ఆ తర్వాత దుమ్ము లేస్తుంది. ఆ వెనక వచ్చే నిశ్శబ్దం కోసమే ఆయన కూర్చునేది. బాయిలో కూడా మందు పేల్చాక పొగ పోయేదాకా ఆగి, మళ్లీ కప్పు కొట్టి చూసి గానీ లోపలికి పోయేవాళ్లు కాదు. ‘జరంత ఆగు కొడుకా, ఎవలు ముందు మాట్లాడ్తరో ఇను’ అంటాడు. ఎప్పుడూ ఒకే పిట్ట ముందు పలకదు. ఒకసారి పిగిలిపిట్ట, ఒకసారి పొదలో జెముడుకాకి గుబ్ గుబ్ అని. ఆ మొదటి గొంతు లేచాక తక్కినవి ఒక్కొక్కటే కలుస్తాయి. ఆ క్రమాన్ని కాకా శ్రద్ధగా వింటాడు. దీని గురించి పెద్దగా చెప్పడు, అడిగితే మాత్రం, బాయిలో పేల్చినాక అందరి పేర్లూ పిలిచేటోళ్లమని అంటాడు.

బైనాక్యులర్ ఉన్న నాకంటే ఆయన ఎక్కువ పిట్టలను పట్టుకుంటాడు. సర్కారు తుమ్మ పొదలో గోధుమరంగు చిన్న పిట్ట ఒకటి ఉంటుంది. ఎప్పుడూ పూర్తిగా కనిపించదు. చెక్... చెక్... అని రెండు గులకరాళ్లు తగిలించినట్టు ఒకే ముక్క అంటుంది. కాకాకు దాని పేరు తెలియదు. ‘ఎండకాలం ఉండది, బతుకమ్మలప్పుడు వస్తది’ అని మాత్రం తెలుసు. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన మెర్లిన్ అనే ఆప్ ఫోన్లో ఉంటే అది చప్పుడు విని పేరు చెబుతుంది. చెప్పింది: బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియాన్ని చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్ పేరు మీదున్న పిట్ట. ఫిన్లాండ్, రష్యా నుంచి సైబీరియా దాకా పొదల్లో పిల్లల్ని పెంచి, చలికాలానికి దాదాపు ఆ జాతి మొత్తం మన ఉపఖండానికే వస్తుంది. ఆప్ చెప్పిన పేరు నాకు ఉపయోగపడింది, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కానీ దాని రాక ఏ పండుగ నాటిదో పుస్తకం కంటే ముందే ఆయన చెవి రాసిపెట్టుకుంది.

ఏట్రింత గురించి కూడా ఆయనే చెప్పాడు. తీగ మీద కూర్చునే ఆ నల్లపిట్ట జాలెడేగ అరుపును అచ్చం అట్లాగే అరుస్తుంది. డేగ వచ్చిందని తక్కినవి బెదిరి ఎగిరిపోతే అది తీరిగ్గా పురుగుల్ని తింటుంది. అందుకని డేగ అరిచినప్పుడు ఆయన వెంటనే నమ్మడు; రెండోసారి, మూడోసారి వింటాడు. ‘బండ గూడ గట్లనే. ఒక్క దెబ్బకు చెప్పది. మూడు జాగల కొట్టాలె.’

కర్ర గురించి ఆయన చెప్పేది నాకు చాలా ఇష్టం. దిమ్మె మీద బరువు పెరిగితే ముందు సన్నగా కిర్రుమంటుంది, తర్వాత పటపటమంటుంది, ఆ తర్వాతే విరుగుతుంది. ఆ మధ్యనున్న కాసేపే పారిపోవడానికి టైం. ఇనుప బోల్టులు వచ్చాక కప్పు బలంగా నిలబడుతుంది నిజమే, కానీ ఇనుము కర్రలాగా ముందుగా చెప్పదని పాతవాళ్ల మాట. 2003లో ఆ కప్పు భయం ఊరంతటినీ చుట్టుకుంది. జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. ఆ శరత్తులో గోదావరిఖనిలో పిట్టల గురించి ఎవరూ ఆలోచించి ఉండరు. ఆ ఏడాది గురించి కాకా మాట్లాడడు, నేను అడగను.

బాయికీ పిట్టకూ ప్రపంచంలో పాత సంబంధమే ఒకటుంది. బ్రిటన్‌లో 1890ల్లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త గని పేలుళ్లలో చనిపోయిన వాళ్లను పరిశీలించి, చాలామందిని చంపింది మంట కాదు, కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చాడు. రంగూ వాసనా లేని ఆ విషవాయువును ముందుగా పసిగట్టడానికి చిన్న ప్రాణుల్ని తీసుకెళ్లమన్నాడు. కెనరీ పిట్ట ఊపిరి తీసేటప్పుడే కాదు, వదిలేటప్పుడు కూడా దాని ఊపిరితిత్తుల్లోకి తాజా గాలి పారుతుంది; అందుకే విషం దానికి మనకంటే ముందు తగులుతుంది. పంజరంలో అది తూలితే మనుషులు వెనక్కి తిరిగేవాళ్లు. 1986లో అక్కడి గనులు కెనరీల బదులు యంత్రాలు పెట్టుకోవాలని నిర్ణయించేదాకా ఇది నడిచింది. కాకాకు తెలిసింది సేఫ్టీ ల్యాంపే. మీథేన్ ఉంటే మంట నెత్తిన నీలిరంగు ఎక్కుతుంది, ప్రాణవాయువు తగ్గితే దీపం ఆరిపోతుంది. కెనరీ కథ చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, ‘దాన్ని మల్ల పైకి తెచ్చెటోళ్లా?’ అని అడిగాడు. తెచ్చేవాళ్లు, దాన్ని బతికించడానికి పంజరానికే చిన్న ఆక్సిజన్ సీసా అమర్చిన రకాలు కూడా ఉండేవి. ఆ మాట విన్నాక ఆయన మొహం తేటపడింది.

శనివారం రాత్రి మంథని దారిలో చుట్టాలింట్లో పడుకుంటాం. ఆరుబయట మంచం వేసుకుంటే అర్ధరాత్రి తీతువు వినిపిస్తుంది. తెలుగునాట దాని అరుపు అశుభమంటారు, చావు కబురంటారు. కంపెనీ క్వార్టర్లలో దానికి ఇంకా బరువు ఎక్కువ. నైట్ షిఫ్టుకు మనిషి పోయిన ఇంట్లో తీతువు అరుపు విన్న ఆడమనిషికి నిద్ర ఎట్లా పడుతుంది? చిన్నమ్మ లేచి కూర్చునేదట. వేళ కాని వేళ సైరన్ మోగుతుందేమోనని చెవి అక్కడే పెట్టి, తెల్లారి కాకా వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు అయ్యేదాకా ఉండేదట. ఇంటింటికీ అట్లా వినే చెవి ఒకటి ఉండేదని ఇప్పుడనిపిస్తుంది. భూమి కింద ఒకరు కప్పును వింటుంటే, భూమి మీద ఒకరు సైరన్‌ను వినేవాళ్లు.

తీతువు నేల మీద బతికే పిట్ట. చెట్టెక్కదు. గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, రాత్రిపూట కూడా మెలకువగా ఉండి దగ్గరకు ఎవరు నడిచి వచ్చినా పైకి లేచి అరుస్తుంది. కుక్క వచ్చినా అంతే, మనిషి వచ్చినా అంతే. బాయి చుట్టూ ఉన్నది ఖాళీ రాతినేల. దాని మీదుగా సెకండ్ షిఫ్టు దిగినవాళ్లు ఇటు, నైట్ షిఫ్టు ఎక్కేవాళ్లు అటు నడిచేవాళ్లు. ఈ సంగతి కాకా బాయి దారిలో నడుస్తూనే కనిపెట్టాడు. ‘మేం నడుస్తుంటెనే అరిచేది అది. మనుషులు బతికి నడుస్తున్నరని అరిచేది’ అన్నాడు మంచం మీద వెల్లకిలా పడుకుని. ఎన్నేళ్లుగానో చావు కబురనుకుని కాలనీ అంతా భయపడ్డ అరుపు నిజానికి షిఫ్టు మారుతోందన్న కబురు. చిన్నమ్మకు ఈ మాట ఆయన రిటైరయ్యాకే చెప్పాడట. ‘గప్పుడే చెప్తె జర పండుకుందును గద’ అందట ఆమె. ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. ఇంట్లో బాయి మాట ఎత్తకూడదని పెట్టుకున్నాడట. ఎత్తితే అన్నీ చెప్పాల్సి వస్తుంది కదా.

ఆదివారం తెల్లవారుజామున గోదావరి. ఎల్లంపల్లి దగ్గర శ్రీపాద ప్రాజెక్టు నీళ్లను నిలబెట్టాక ఎగువన నది వెడల్పు సరస్సులా మారింది, దిగువన ఇసుకమేటలు అక్కడక్కడా మిగిలాయి. మంథని దగ్గర ఎల్ మడుగు మొసళ్లకు పేరు. శివ్వారం అభయారణ్యం ఏర్పడింది కూడా ఆ మొసళ్ల కోసమే. కార్తీక స్నానాలకు జనం దిగకముందే మేం ఒడ్డున ఉంటాం. నత్తగుల్ల కొంగలు ముక్కు సందులో నత్తను ఇరికించి లాగుతుంటాయి, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటుంటాయి. ఉత్తరం నుంచి కొత్తగా దిగిన తోకూపు పిట్టలు తడి ఇసుక మీద నడుస్తుంటాయి. జొన్న చేల మీద గులాబీ గోరింకల గుంపు లేస్తే ఆ గోల ఫర్లాంగు దూరం వినిపిస్తుంది. మధ్య ఆసియా మైదానాల్లో మిడతల వెంట తిరిగి పిల్లల్ని లేపుకుని, ముందుగా మన దగ్గరికి చేరే వలసపక్షులవి. వీటికి చెవి అవసరం లేదు, కళ్లారా చూడాలి. కాకా కూడా అప్పుడు బైనాక్యులర్ అడుగుతాడు.

అక్కడే ఒడ్డున కూర్చుని ఆయన వినపడని వాటి లెక్క తీస్తాడు. రాబందులు. పశువు చస్తే ఊరి బయట పడేసిన చోట వాటి రెక్కల చప్పుడు, ఒకదాన్నొకటి తోసుకుంటూ చేసే గీపెట్టు ఆయనకు బాగా గుర్తు. 1990ల నుంచి అవి దేశమంతటా కుప్పకూలాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరం ద్వారా వాటి మూత్రపిండాలను దెబ్బతీసిందని తేలాక, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. మాకు ఉత్తరాన బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు మీదికి వాలిన పాలరాపు గుట్ట కొండచరియల్లో పొడవుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకుని ఉన్నాయని 2013లో బయటపడింది. ఆ వార్త తెలిసిన రోజు నాకు చాలా సంతోషమైంది. ఇక్కడ మాత్రం ఆకాశం ఆ మేరకు డొల్ల. కప్పు కొట్టి బొద్‌మన్న చోటును సుద్దతో గుర్తుపెట్టే మనిషి ఆయన. లేని చప్పుడు ఎక్కడుందో ఆయనకు ఇంకా తెలుసు. ఆయన తర్వాత వచ్చేవాళ్లకు అది కూడా తెలియదు. రాబందు లేని ఆకాశమే మామూలు ఆకాశం అనుకుంటారు.

నా దిగులు అక్కడే. ప్రమాదం నేర్పిన చెవి అది. దాన్ని ఆయన ఉద్యోగంతోపాటు టోపీ లైటులాగా అప్పజెప్పి రాలేదు, పిట్టలకు ఇచ్చాడు. భయంతో విన్న మనిషి ఇష్టంతో వినడం నేను ఆయనలో చూశాను. కానీ ఓపెన్‌కాస్ట్‌లో పనిచేసేవాళ్లకు ఆ చదువు లేదు. కాకా మనవడు డంపర్ నడుపుతాడు. వందేసి టన్నుల బండి. రోజంతా ఇంజన్ హోరు. చెవిలో ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవాలి, అక్కడ వినకపోవడమే చెవిని కాపాడుకోవడం. వాడు మంచి పిల్లవాడు. ప్లేడే డ్యూటీ వదలడు. ఇంటికి అప్పుంది, ఇద్దరు పిల్లలున్నారు. తాత పిలిస్తే నవ్వి, ‘నాకు పిట్టలు ఏడ ఇనవడ్తయి తాతా’ అంటాడు.

పోయినసారి బస్సెక్కిస్తూ కాకా ఆ పని నాకు అప్పజెప్పాడు. ‘నేను చెప్తె ఇనడు. నువ్వు చెప్పు. ఒక్క మస్టర్ వదులుకొమ్మను, వాని చెవులు పోకముందే.’ చెబుతానన్నాను. ఫోన్ చేశాను కూడా. వచ్చే నెల ఒక ఆదివారం ఖాళీ పెట్టుకుంటానన్నాడు వాడు. రాత్రి మంథని దారి చుట్టాలింట్లోనే పడుకోవాలని, తెల్లారి ఏడు లోపే తుమ్మపొదల దగ్గర ఉండాలని చెప్పాను. ఎండెక్కితే ఆ సైబీరియా పిట్ట అంతగా పలకదు.